గడువు తప్పిన శబ్దం

ఆడియో ఇంటర్‌ఫేస్ కేబుల్‌ని ల్యాప్‌టాప్‌కి తగిలించారు. మైకు ఆన్ చేశారు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచారు. ఇంకా పల్లవి కూడా ఎత్తుకోలేదు, ఫ్యాన్ హోరెత్తింది. సాఫ్ట్‌వేర్‌లో ఓ మూలనున్న ప్రాసెసర్ మీటరు 90 దాటి ఎర్రబడింది. హెడ్‌ఫోన్స్‌లో చిటపటలు. ఇంతగా ఏం తినేస్తోందో చూద్దామని టాస్క్ మేనేజర్ తెరిస్తే, అక్కడ సీపీయూ వాడకం 17 శాతమే. ఒకే యంత్రం, ఒకే క్షణం, రెండు లెక్కలు.

ఈ రెండింటిలో ఏదీ అబద్ధం కాదు. టాస్క్ మేనేజర్ చెప్పేది గడిచిన సెకనులో కోర్లన్నీ కలిపి సగటున ఎంతసేపు పనిలో ఉన్నాయన్నది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మీటరు చెప్పేది ఇప్పటి శబ్దపు ముక్కను సిద్ధం చెయ్యడానికి ఇచ్చిన గడువులో ఎంత భాగం ఖర్చయిందన్నది. ఒకటి పని లెక్క, రెండోది గడువు లెక్క. ఇళ్లలో పాటలూ డబ్బింగూ పాడ్‌కాస్టులూ రికార్డు చేసుకునేవాళ్లు చాలామంది ఎర్రబడిన మీటరును పని లెక్క అనుకుని, కంప్యూటరు చాలడం లేదని కొత్తది కొంటారు. కొన్నాక కూడా చిటపటలు పోవు. గడువు లెక్క అర్థమైతే ఆ ఖర్చు చాలామందికి తప్పుతుంది. అందుకే దీని మీద ఒక అధ్యాయమంతా వెచ్చిస్తున్నాను.

ముందు శబ్దం ఎంత బరువో చూద్దాం. మైకులోంచి వచ్చే విద్యుత్ తరంగాన్ని ఇంటర్‌ఫేస్ సెకనుకు 48,000 సార్లు కొలుస్తుంది. ఒక్కో కొలత 24 బిట్లు, అంటే 3 బైట్లు. రెండు ఛానళ్లకు కలిపి సెకనుకు 2,88,000 బైట్లు. పెన్‌డ్రైవ్‌లోకి సినిమా కాపీ చేసేటప్పుడు అదే యూఎస్‌బీ తీగలో ఇంతకు ఎన్నో రెట్లు పారుతుంది, ఫ్యాన్ మాత్రం కిక్కురుమనదు. సినిమా ఫైలుకు తొందరేమీ లేదు మరి. మధ్యలో అర సెకను ఆగినా ఫైలు పాడవదు, ఆఖరికి మొత్తం చేరితే చాలు. శబ్దానికి ఆ వెసులుబాటు లేదు.

సీడీల్లో ఉండే 44,100 అనే అంకె సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1970ల చివర్లో డిజిటల్ శబ్దాన్ని భద్రపరచడానికి వీలైన సామర్థ్యం వీడియో టేపుకు ఉండేది. సెకనుకు 60 ఫీల్డులు (ఒక్కో ఫీల్డు సగం బొమ్మ), ఫీల్డుకు వాడుకోగలిగిన గీతలు 245, గీతకు 3 కొలతలు. గుణిస్తే 44,100. సెకనుకు 50 ఫీల్డులుండే యూరప్ పద్ధతిలో 294 గీతలతో లెక్కేసినా వచ్చేది అదే. అలా టీవీ గీతల్లోంచి పుట్టిన అంకె, వీడియో రంగం వాడే 48,000 పక్కనే ఈనాటికీ బతికుంది. ఈ రెండూ ఒకే కంప్యూటర్లో కలిస్తే వచ్చే తంటా తర్వాత చూద్దాం.

కొలతలు ఒక్కొక్కటిగా వచ్చినా ప్రాసెసర్ వాటిని ఒక్కొక్కటిగా తీసుకోదు. కొన్నింటిని ఒకచోట పోగు చేసి, ఆ పోగు నిండాక ప్రాసెసర్ని లేపుతారు. ఆ పోగే బఫర్. బఫర్ సైజు 128 అంటే 128 కొలతల పోగు. సెకనుకు 48,000 లెక్కన అది నిండడానికి 2.67 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ 2.67 మిల్లీసెకన్లే గడువు. ఈలోగా ప్రాసెసర్ పాత పోగును తీసుకుని, ఈక్వలైజరూ కంప్రెసరూ రివర్బూ అన్నీ లెక్కకట్టి, స్పీకరుకు వెళ్లాల్సిన కొత్త పోగు సిద్ధం చేసి పెట్టాలి. పెట్టలేకపోతే ఇంటర్‌ఫేస్ ఆగి ఎదురుచూడదు. దాని లోపలి గడియారపు క్రిస్టల్ కొట్టుకుంటూనే ఉంటుంది, పంపడానికి ఏమీ లేక ఖాళీనో పాత ముక్కనో పంపేస్తుంది. తరంగం అక్కడ పుటుక్కున తెగుతుంది. మన చెవికి వినపడే చిటపట ఆ తెగిన అంచే.

బఫర్‌ను 64కు తగ్గిస్తే గడువు 1.33 మిల్లీసెకన్లు. 1024కు పెంచితే 21.3. మరి అందరూ 1024 పెట్టుకోవచ్చు కదా? పాడేవాళ్లకు కుదరదు. గొంతు మైకులోకి వెళ్లి, ఒక బఫర్ నిండి, లెక్కలు పూర్తయి, ఇంకో బఫర్ గుండా హెడ్‌ఫోన్స్‌కు చేరాలి. రానూపోనూ రెండు బఫర్ల ఆలస్యం, దానికి తోడు కన్వర్టర్లూ యూఎస్‌బీ తీసుకునే సమయం. 1024 దగ్గర అది 40 మిల్లీసెకన్లు దాటుతుంది. గాలిలో ధ్వని మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి, మన గొంతే పదమూడు, పద్నాలుగు మీటర్ల దూరం నుంచి వస్తున్నట్టు లెక్క. ఆ ఆలస్యంలో గమకం పలికించడం, తాళం తప్పకుండా పాడడం ఎంత కష్టమో పాడి చూసినవాళ్లకు తెలుసు. అందుకే రికార్డింగులో బఫర్ తగ్గిస్తారు. తగ్గించగానే మీటరు పైకెగురుతుంది.

ఎందుకెగురుతుంది? చెయ్యాల్సిన లెక్క పెరగలేదు, సెకనుకు అవే 48,000 కొలతలు. పెరిగింది ప్రాసెసర్ నిద్ర లేచే సార్లు. 1024 బఫర్‌తో సెకనుకు 47 సార్లు లేచేది, 64తో 750 సార్లు లేవాలి. లేచిన ప్రతిసారీ కొంత స్థిరమైన ఖర్చుంది. యూఎస్‌బీ కంట్రోలర్ ఇంటరప్ట్ ఇస్తుంది, ప్రాసెసర్ చేతిలో పని ఆపి ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి వెళ్తుంది, డ్రైవర్ డేటా అందుకుంటుంది, రికార్డింగ్ ప్రోగ్రామును లేపుతుంది, అది ఈక్వలైజరూ రివర్బూ లాంటి ప్రతి ప్లగిన్‌నూ పేరుపేరునా పిలుస్తుంది. పోగు చిన్నదైనా పెద్దదైనా ఈ తతంగం తప్పదు. ఇంటర్‌ఫేస్ తగిలించి మైకు తెరవగానే, ఒక్క ట్రాకు కూడా లేకుండానే ప్రాసెసర్ వాడకం కనిపించడానికి మొదటి కారణం ఇదే. అది మామూలే.

కోర్ల సంగతి ఇంకోటి. ఎనిమిది కోర్ల ప్రాసెసర్‌లో ఒక కోరు నూటికి నూరు పాళ్లు పనిలో మునిగిపోయినా మొత్తం లెక్కలో అది పన్నెండున్నర శాతమే. ఒక ట్రాకు మీద వరసగా పెట్టిన ప్లగిన్లు ఒకదాని ఫలితం కోసం ఇంకొకటి ఆగాలి కాబట్టి, ఆ వరసను సాధారణంగా కోర్ల మధ్య పంచలేరు. మాస్టర్ ట్రాకు మీద బరువైన ప్లగిన్లు ఐదారు పేర్చితే ఒక కోరు చెమటోడుస్తుంటుంది, మిగతా ఏడూ ఖాళీగా ఉంటాయి. మొదట్లో మనం చూసిన 17 శాతం, 90 శాతం గొడవలో సగం ఇక్కడే తేలిపోతుంది.

మిగతా సగం మరీ ఆసక్తికరం. ఒక్కోసారి ఏ కోరూ నిండదు, ప్లగిన్లు కూడా ఉండవు, అయినా చిటపటలు వస్తాయి. ఇలా అనుకోండి, రోజంతా ఖాళీగా ఉండే రోడ్డే, కానీ అంబులెన్స్ వచ్చిన ఆ నిమిషంలోనే రైలు గేటు పడింది. రోడ్డు మీద సగటు రద్దీ ఎంతని అడిగితే జవాబు బాగానే ఉంటుంది, అంబులెన్స్ మాత్రం గేటు దగ్గర ఆగిపోయింది. విండోస్‌లో ఈ గేట్లు వేసేవి డ్రైవర్లు. వై-ఫై, గ్రాఫిక్స్ కార్డు, బ్యాటరీ, డిస్కు ఇలా ప్రతిదానికీ ఓ డ్రైవరుంటుంది. ఏదైనా పరికరం పిలిస్తే దాని డ్రైవర్ ప్రాసెసర్‌ను లాక్కుని ముందు ఇంటరప్ట్ పనీ, వెంటనే దాని కొనసాగింపూ చేసుకుంటుంది. ఆ కొనసాగింపును డీపీసీ అంటారు. అది నడుస్తున్నంతసేపూ ఆ కోరు మీద మామూలు ప్రోగ్రాములేవీ నడవలేవు, ఎంత ప్రాధాన్యం ఇచ్చినా సరే. ఇంటరప్ట్ పని 25 మైక్రోసెకన్లు, డీపీసీ 100 మైక్రోసెకన్లు దాటకూడదని డ్రైవర్లు రాసేవాళ్లకు మైక్రోసాఫ్ట్ చెబుతుంది. పాటించని డ్రైవర్ ఒక్కటుంటే చాలు. అది శబ్దం పని నడిచే కోరును రెండు మిల్లీసెకన్లు పట్టుకుని కూర్చుంటే, 64 బఫర్ గడువు 1.33 మిల్లీసెకన్లే కనుక ఒక పోగు తప్పకుండా పోతుంది. రెండు మిల్లీసెకన్లంటే సెకనులో 0.2 శాతం. టాస్క్ మేనేజర్ సగటులో అది ఎక్కడా కనపడదు.

దీన్ని పట్టుకోవడానికి లేటెన్సీమాన్ అనే ప్రోగ్రాముంది. దాన్ని పది నిమిషాలు నడవనిస్తే ఏ డ్రైవర్ ఎక్కువసేపు గేటు వేసిందో పేరుతో సహా చూపిస్తుంది. ఎన్‌డిస్ అని కనపడితే నెట్‌వర్క్ వైపు, ఏసీపీఐ అని కనపడితే పవర్, బ్యాటరీ వైపు చూడాలి. వై-ఫై ఆపి చిటపట పోయిందంటే దొంగ దొరికినట్టే. అప్పుడు ఆ డ్రైవర్‌ను కొత్తదానితోనో, ఒక్కోసారి పాతదానితోనో మార్చాలి. రికార్డింగ్ జరిగే గంటసేపు వై-ఫై ఆపేసినా సరిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో ‘సిస్టమ్ ఇంటరప్ట్స్’ అనే వరస ఎప్పుడూ ఒకటి రెండు శాతం కంటే బాగా ఎక్కువ చూపిస్తుంటే అదీ ఈ కోవకే చెందుతుంది. అది ప్రోగ్రాము కాదు కాబట్టి దాన్ని ఆపే వీల్లేదు, దాని వెనకున్న పరికరాన్ని వెతకాలి.

గడువు తప్పడమనే జబ్బు పాటలకే పరిమితం కాదు. 1997 జూలై 4న అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ నౌక, దిగిన కొన్ని రోజులకే తనంతట తాను రీసెట్ అవడం మొదలుపెట్టింది. లోపల ఒకసారికి ఒక్క పనే వాడుకునేలా ఒక వనరు మీద తాళం ఉండేది. తక్కువ ప్రాధాన్యమున్న వాతావరణ పరిశీలన పని ఆ తాళాన్ని పట్టుకుని ఉండగా, మధ్యస్థ ప్రాధాన్యమున్న సమాచార ప్రసారం పని వచ్చి దాన్ని పక్కకు నెట్టేది. అత్యవసరమైన పని ఆ తాళం కోసం ఆగిపోయేది. గడువు దాటిందని గమనించిన కాపలా గడియారం మొత్తం కంప్యూటర్‌ను రీసెట్ చేసేది. ఇంజనీర్లు భూమ్మీద అదే పరిస్థితిని కల్పించి కారణం కనుక్కున్నారు, సాఫ్ట్‌వేర్‌లో ఒక అమరికను ఆన్ చేసి సరిదిద్దారు. ప్రాసెసర్‌కు శక్తి చాలకపోవడం అక్కడ సమస్య కాదు. ఆడియో ప్లగిన్లు రాసేవాళ్లకు మొదటి పాఠంగా చెప్పేది కూడా ఇదే. శబ్దం లెక్కకట్టే దారిలో తాళం కోసం ఆగకూడదు, మెమరీ అడగకూడదు, డిస్కు ముట్టుకోకూడదు. ఆ నియమం పాటించని ఒక్క ప్లగిన్ ఉంటే వంద ట్రాకులు మోయగల యంత్రం కూడా మూడు ట్రాకులకే నత్తినత్తిగా మాట్లాడుతుంది.

ఇక శాతమనే మాటకొద్దాం. దేంట్లో శాతం? ల్యాప్‌టాప్ ప్రాసెసర్ పని లేనప్పుడు వేగం తగ్గించుకుని కరెంటు ఆదా చేస్తుంది. వేగం పావు వంతుకు పడిపోతే, అదే పనికి గడువులో నాలుగు రెట్ల భాగం ఖర్చవుతుంది, మీటరు నాలుగు రెట్లు చూపిస్తుంది. శబ్దం పని చిన్న చిన్న ముక్కలుగా వచ్చి పోతుంటుంది కాబట్టి, యంత్రం పెద్దగా పనేమీ లేదనుకుని వేగం పెంచదు. ట్రాకులు పెంచితే చిటపట తగ్గిన సందర్భాలు ఇందువల్లే వస్తాయి. విండోస్ పవర్ అమరికల్లో హై పెర్ఫార్మెన్స్ ఎంచుకుని, చార్జరు తగిలించి చూడాలి. నా లెక్కలో అన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పరీక్ష ఇదే, రెండు నిమిషాలు కూడా పట్టదు.

వేడి దీనికి ఎదురు వైపునుంచి వస్తుంది. మే నెల మధ్యాహ్నం విజయవాడలోనో రామగుండంలోనో తలుపులు మూసి, చప్పుడు చేస్తుందని సీలింగ్ ఫ్యానూ ఏసీ ఆపి రికార్డు చేసే గదిలో ల్యాప్‌టాప్‌కు చల్లటి గాలి ఎక్కడిది? ప్రాసెసర్ కాగి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పొద్దున బాగా పనిచేసిన ప్రాజెక్టు మధ్యాహ్నానికి ఎర్రబడుతుంది. మ్యాక్‌లో అయితే కర్నెల్‌టాస్క్ అనే పేరు నడుస్తున్న ప్రోగ్రాముల జాబితాలో పైకొచ్చి కూర్చుంటుంది. ప్రాసెసర్ మరీ వేడెక్కకుండా, దాన్ని ఎక్కువగా వాడుతున్న ప్రోగ్రాములకు తక్కువ అందేలా చూడడం దాని పనుల్లో ఒకటని ఆపిలే చెబుతుంది. చూసేవాళ్లకు నేరస్థుడిలా కనపడేది నిజానికి కాపలాదారు. ల్యాప్‌టాప్ అడుగున గాలి ఆడేట్టు ఎత్తు పెట్టడం, ఫ్యాన్ల దుమ్ము దులపడం ఏ సాఫ్ట్‌వేర్ చిట్కాకూ తీసిపోని వైద్యం.

ఇప్పుడు 44,100, 48,000 తంటా. ఇంటర్‌ఫేస్ 48,000 మీద నడుస్తోంది, ప్రాజెక్టు 44,100లో ఉంది, బ్రౌజర్లో ఏదో వీడియో తెరిచి ఉంది అనుకుందాం. ఎక్కడో ఒకచోట ఒక రేటును ఇంకో రేటుకు మార్చాలి. అది వట్టి కూడికలు తీసివేతలతో అయ్యే పని కాదు, ప్రతి కొలతకూ చుట్టుపక్కల కొలతలు చాలావాటిని తూకం వేసి లెక్కకట్టాలి. అన్నిచోట్లా ఒకే శాంపుల్ రేటు పెడితే ఆ భారం పూర్తిగా పోతుంది. విండోస్‌లో ఆడియోడీజీ అనే ప్రక్రియ విపరీతంగా తింటుంటే ఒకసారి సౌండ్ అమరికల్లోకి వెళ్లి ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపి చూడాలి. బాస్ పెంచడం, ప్రతిధ్వని తీసెయ్యడం లాంటి, మనం అడగని లెక్కలు అక్కడే జరుగుతుంటాయి.

రెండు పరికరాలను జోడించినప్పుడు ఇంకా లోతైన చిక్కుంది. ఇంటర్‌ఫేస్ మైకు నుంచి రికార్డు చేస్తూ, ల్యాప్‌టాప్ స్పీకర్లలో వినాలనుకోవడం చాలామందికి అలవాటు. రెండింటి మీదా 48,000 అనే రాసుంటుంది. కానీ ఒక్కోదానికీ ఒక్కో క్రిస్టల్, ఏ రెండు క్రిస్టళ్లూ అచ్చంగా ఒకేలా కొట్టుకోవు. పది లక్షలకు 50 పాళ్లు తేడా ఉందనుకోండి, సెకనుకు 2.4 కొలతలు మిగిలిపోతాయి. 128 కొలతల పోగంత తేడా పేరుకోవడానికి 53 సెకన్లు చాలు. దాన్ని సరిదిద్దుతూ ఉండాలంటే ప్రతి క్షణం రేటు మారుస్తూనే ఉండాలి, అదంతా ప్రాసెసర్ ఖర్చే. సరిదిద్దకపోతే నిమిషానికో టప్పుమనే చప్పుడు. కచ్చితంగా ఒకే వ్యవధిలో, గడియారం పెట్టినట్టు చిటపట వస్తుంటే అనుమానించాల్సింది ఈ రెండు గడియారాలనే. హెడ్‌ఫోన్స్ ఇంటర్‌ఫేస్‌కే తగిలిస్తే చాలు.

డ్రైవర్ ఎంపిక గురించి క్లుప్తంగా. విండోస్ మామూలు దారిలో శబ్దాలన్నీ ఒకచోట కలిసి, మారి, ఆ తర్వాత బయటికొస్తాయి. ఆ దారిని తప్పించి ప్రోగ్రాము నేరుగా ఇంటర్‌ఫేస్‌తో మాట్లాడేందుకు స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో ఏసియో పద్ధతి తెచ్చింది. తయారీదారు ఇచ్చిన ఏసియో డ్రైవర్ ఉంటే దాన్నే వాడాలి. యూఎస్‌బీ ఆడియో రెండో తరం పరికరాలకు విండోస్‌లోనే సొంత డ్రైవర్ వచ్చింది 2017లో. అది ఉన్నంత మాత్రాన తయారీదారు డ్రైవర్ అవసరం తీరలేదు. మ్యాక్‌లో కోర్ ఆడియో ఈ పనంతా చూసుకుంటుంది.

యూఎస్‌బీ తీగ కూడా అంత అమాయకమైనదేమీ కాదు. యూఎస్‌బీ 2.0లో కాలాన్ని 125 మైక్రోసెకన్ల ముక్కలుగా, అంటే సెకనుకు 8,000 ముక్కలుగా కోస్తారు. ప్రతి ముక్కలో శబ్దానికి ఇంత చోటని ముందే రిజర్వు అయి ఉంటుంది. కానీ ఆ చోటులో వెళ్లిన డేటా పాడైతే మళ్లీ పంపరు, పంపే వ్యవధే లేదు. ఫైలు కాపీకి బ్రహ్మాండంగా పనిచేసే నాసిరకం కేబుల్, ఆడియోకు వచ్చేసరికి తడబడేది ఇందుకే. ఫైలు విషయంలో తప్పు జరిగినప్పుడల్లా యంత్రం గుట్టుగా మళ్లీ పంపుకుంటుంది, మనకు తెలియదు. హబ్ తీసేసి, కంప్యూటర్ పోర్టుకే నేరుగా తగిలించి, కేబుల్ మార్చి చూడండి. తప్పు మన వైపు లేకుండా యంత్రంలోనే ఉండే సందర్భాలూ ఉన్నాయి. 2018లో వచ్చిన కొన్ని మ్యాక్ మోడళ్లలో యూఎస్‌బీ ఆడియో తెగిపోతోందని వాడేవాళ్లు మొత్తుకున్నారు. ఆ మోడళ్లలో యూఎస్‌బీ ఆడియో పరికరాల పనితీరును మెరుగుపరిచామని 2019 మార్చిలో విడుదలైన మ్యాక్‌ఓఎస్ 10.14.4తో పాటు ఆపిల్ ప్రకటించింది. 

నాకు అన్నిటికంటే అబ్బురంగా అనిపించే కారణం మాత్రం వేరే ఉంది. పాట అయిపోయింది. ఆఖరి స్వరం రివర్బులో సన్నగా కరిగిపోతోంది. వినడానికి ఇంకేమీ లేదు. సరిగ్గా అప్పుడు ప్రాసెసర్ మీటరు పైకి లేస్తుంది. నిశ్శబ్దంలో పని పెరగడమేమిటి?

రివర్బు అంటే శబ్దాన్ని కొంచెం కొంచెం తగ్గిస్తూ మళ్లీ మళ్లీ తనలోకే తిప్పుకోవడం. ప్రతి చుట్టులోనూ ఒకటికంటే తక్కువైన ఏదో సంఖ్యతో గుణిస్తారు. అలా ఎన్నిసార్లు గుణించినా గణితంలో సున్నా రాదు, ఇంకా ఇంకా చిన్న సంఖ్యలు వస్తుంటాయి. 32 బిట్ల దశాంశ సంఖ్యల పద్ధతిలో మామూలుగా రాయగలిగిన అతి చిన్న సంఖ్య దశాంశ బిందువు తర్వాత 37 సున్నాలు పెట్టి ఆ పైన మొదలయ్యేది. అంతకంటే చిన్నవాటిని రాయడానికి ప్రత్యేకమైన రూపం ఉంది, వాటిని డీనార్మల్స్ అంటారు. చాలా ప్రాసెసర్లలో ఈ సంఖ్యలను గుణించే వేగమైన దారి లేదు, పక్కదారిన నెమ్మదిగా చెయ్యాలి. అందులో ఒక్క గుణకారానికి మామూలు కంటే పదుల రెట్లు, కొన్నిచోట్ల వంద రెట్లకు పైగా సమయం పట్టవచ్చు. ఏ చెవీ వినలేని, ఏ స్పీకరూ పలకలేని శబ్దం కోసం యంత్రం తన శక్తినంతా ధారపోస్తుంటుంది. ఇలాంటి సంఖ్య ఎదురైతే సున్నాగా తీసుకొమ్మని ప్రాసెసర్‌కు చెప్పే వీలుంది, ఇప్పటి ప్లగిన్లలో ఎక్కువ భాగం ఆ పని చేస్తాయి. పాత ప్లగిన్ ఏదైనా మరిచిపోతే, వినపడనంత సన్నని హిస్సును ఆ ట్రాకులో కలిపితే చాలు, సంఖ్యలు అంత కిందికి దిగవు, మీటరు వెంటనే పడిపోతుంది. పాట మధ్యలో బాగుండి, ఆగాక మీటరు ఎక్కుతోందంటే వెతకాల్సింది ఇక్కడ.

కారణం ఏదైనా వెతికే పద్ధతి ఒక్కటే. కొత్తగా ఖాళీ ప్రాజెక్టు తెరిచి, ప్లగిన్ ఒక్కటీ లేకుండా, ఇంటర్‌ఫేస్ ఒక్కటే తగిలించి చూడాలి. అప్పుడూ చిటపట ఉంటే కారణం కింది అంతస్తుల్లో, అంటే డ్రైవర్లు, పవర్, కేబుల్ దగ్గర ఉంది. లేకపోతే పైన ప్రాజెక్టులో ఉంది, అక్కడ ప్లగిన్లను ఒక్కొక్కటిగా ఆపుతూ పోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మూడు మార్పులు ఒకేసారి చేస్తే, తగ్గినా దేనివల్ల తగ్గిందో తెలియక మళ్లీ వచ్చినప్పుడు మొదటికే వస్తాం.

పాడేటప్పుడు బఫర్ తగ్గించక తప్పదని పైన చెప్పాను. దానికొక మినహాయింపు ఉంది, చాలా ఇంటర్‌ఫేస్‌ల ముందు భాగంలోనే ఉంటుంది. డైరెక్ట్ మానిటర్ అని రాసి ఒక చిన్న స్విచ్చో, ఇన్‌పుట్ నుంచి ప్లేబ్యాక్ వైపు తిరిగే బొత్తామో. దాన్ని తిప్పితే మైకులోకి వెళ్లిన గొంతు కంప్యూటర్ దాకా పోకముందే ఇంటర్‌ఫేస్ లోపలే రెండు పాయలవుతుంది. ఒక పాయ రికార్డవడానికి కంప్యూటర్‌కు, ఇంకోటి దాదాపు ఆలస్యమే లేకుండా హెడ్‌ఫోన్స్‌కు. ఇక బఫర్ 1024 పెట్టుకోవచ్చు, గడువు 21 మిల్లీసెకన్లు దాటుతుంది, ఆరేడేళ్ల పాత ల్యాప్‌టాప్ కూడా ఫ్యాన్ తిప్పకుండా రికార్డు చేసుకుంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాకు మానిటరింగ్ ఆపడం మరిచిపోకూడదు, లేకపోతే గొంతు రెండుసార్లు వినపడుతుంది. తన గొంతులో రివర్బు వింటేనే పాడగలనేవాళ్లకు లోపలే రివర్బు ఉన్న ఇంటర్‌ఫేస్‌లు కూడా దొరుకుతాయి.